చిన్నప్పటి టీవీ గేమ్ పాట ఇప్పుడు వేరేగా వినిపిస్తోంది: నా జ్ఞాపకం తప్పా, రికార్డు తప్పా?

ప్రశ్న: బ్రాడీపేట వీణ (గుంటూరు)

అందరికీ నమస్కారం. ఉద్యోగం బ్యాంకులో చేస్తున్నా నా ప్రాణమంతా వీణలోనే ఉంటుంది. చిన్నప్పుడు పన్నెండేళ్లు నేర్చుకున్నాను, ఇప్పటికీ తెల్లవారుజామున గంటసేపు సాధన చేయనిదే నాకు రోజు మొదలుకాదు. నెల రోజులుగా ఒక సందేహం నన్ను తొలుస్తోంది. అది సంగీతానికీ ఎలక్ట్రానిక్స్‌కూ మధ్య ఎక్కడో ఉన్నట్టుంది కనుక, రెండూ తెలిసినవారు ఇక్కడ ఉంటారన్న ఆశతో రాస్తున్నాను.

1998 ఎండాకాలం సెలవుల్లో మా నాన్నగారు పనిమీద విజయవాడ వెళ్లి, వస్తూ వస్తూ బీసెంట్ రోడ్డులో ఒక టీవీ గేమ్ పెట్టె కొనుక్కొచ్చారు. దానిమీద చెప్పుకోదగ్గ కంపెనీ పేరేమీ లేదు. పైన పసుపుపచ్చ క్యాసెట్ గుచ్చితే మారియో, కాంట్రా వంటి ఆటలు వచ్చేవి. నేనూ మా అన్నయ్యా వంతులు వేసుకుని ఆడేవాళ్లం. నాకు ఆట అంతగా వచ్చేది కాదు కానీ, మారియో నీళ్లలోకి దిగే ఘట్టం రాగానే అన్నయ్య చేతిలోంచి రిమోట్ లాక్కుని, ఏ మీటా నొక్కకుండా ఆ పాట వింటూ కూర్చునేదాన్ని. మారియో నీటి అడుగున ఊరికే నిలబడి ఉండేవాడు, మూడు దెబ్బల నడకలో ఊయల ఊగినట్టు ఆ వరస సాగిపోతూ ఉండేది. వంటింట్లో ఉన్న మా నాయనమ్మ ఒకరోజు, "ఎవరే ఆ సన్నాయి ఊదుతున్నది, పెళ్లేమైనా ఉందా వీధిలో?" అని అడగడం నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఈ దసరాకు అన్నయ్య ఇంటికి వస్తున్నాడు. ఆ పాటను వీణమీద వాయించి వినిపించాలని, స్వరాలు రాసుకుందామని అంతర్జాలంలో వెతికి రికార్డులు విన్నాను. విన్న ప్రతిదీ నాకు గుర్తున్నదానికంటే వేగంగా ఉంది. నాదం కూడా వేరు: నాకు గుర్తున్నది నాయనమ్మ అన్నట్టు సన్నాయిలా ముక్కుపుటాల్లోంచి వచ్చే నాదం, ఈ రికార్డుల్లో వినిపిస్తున్నది వెదురుబొంగులోంచి వచ్చినట్టు డొల్లగా, మెత్తగా ఉండే నాదం. విదేశీ అభిమానుల బృందం ఒకదానిలో ఇదే అడిగితే, ఇద్దరు ముగ్గురు "చిన్నప్పటివన్నీ నెమ్మదిగా జరిగినట్టే గుర్తుంటాయి, మీ జ్ఞాపకమే మారిపోయి ఉంటుంది" అని తేల్చేశారు. ఆ మాట నాకు చాలా కష్టంగా తోచింది. కాలప్రమాణం తప్పితే గురువుగారు చిటికెన వేలితో వీణ బుర్ర మీద కొట్టి ఆపేవారు. అలా తయారైన చెవి ఇంత తేడాగా గుర్తుపెట్టుకుంటుందంటే నమ్మలేకపోతున్నాను.

నా జ్ఞాపకం నిజంగా తప్పేనా? కాకపోతే ఆ తేడా ఎక్కడినుంచి వచ్చింది? స్వరాలు రాసేటప్పుడు నేను దేన్ని ప్రమాణంగా తీసుకోవాలి?


జవాబు 1: పటమట సాల్డరింగ్ (విజయవాడ)

అమ్మా, మీ జ్ఞాపకం తప్పు కాదు. మీరు చెప్పిన రెండు తేడాలకూ రెండు వేర్వేరు కారణాలున్నాయి. ఇరవై ఏళ్లకు పైగా టీవీలు, టీవీ గేములు బాగుచేసినవాణ్ని కనుక కాస్త వివరంగానే చెబుతాను.

మీ ఇంట్లో ఉన్నది జపాన్‌లో నింటెండో సంస్థ 1983లో విడుదల చేసిన ఫ్యామికామ్ యంత్రానికి నకలు. అదే యంత్రం 1985లో అమెరికాలో ఎన్ఈఎస్ పేరుతో వచ్చింది. నీళ్ల పాట ఉన్న సూపర్ మారియో బ్రదర్స్ ఆట కూడా 1985 నాటిదే. ఆ యంత్రంలో సంగీతానికి మొత్తం ఐదు ఛానళ్లు ఉంటాయి: రెండు పల్స్ ఛానళ్లు, మంద్రస్థాయికి వాడుకునే ఒక ట్రయాంగిల్ ఛానల్, చప్పుళ్లకూ తాళానికీ ఒక నాయిస్ ఛానల్, చిన్న చిన్న శబ్ద నమూనాలు పలికించడానికి మరొకటి.

ముందు వేగం సంగతి చూద్దాం. ఈ ఆటల్లో పాట అంటే టేపులా రికార్డు చేసి పెట్టినది కాదు. "ఈ స్వరం ఇంతసేపు, ఆ తరవాత ఈ స్వరం" అని రాసిపెట్టిన ఆదేశాల వరస అది. తెరమీద బొమ్మ ఒకసారి పూర్తిగా గీసిన ప్రతిసారీ ఆ వరస ఒక్క అడుగు ముందుకు కదులుతుంది. జపాన్, అమెరికాల టీవీలు సెకనుకు 60 సార్లు బొమ్మ గీస్తాయి. మన దేశంలో వాడిన పాల్ పద్ధతి టీవీలు 50 సార్లే గీస్తాయి. 60 అడుగులు పడాల్సిన సెకనులో 50 అడుగులే పడితే పాట ఆరో వంతు నెమ్మదిస్తుంది, అంటే అక్కడ నిమిషంలో పూర్తయ్యేది మన ఇంట్లో 72 సెకన్లు పడుతుంది. యూరప్ పాల్ టీవీల కోసం నింటెండో ఈ ఆటను మళ్లీ సరిచేసి విడుదల చేసింది కానీ, మన పసుపు క్యాసెట్లలోకి ఎక్కినవి సాధారణంగా జపాన్, అమెరికా ప్రతులే.

టేపు నెమ్మదిగా తిరిగితే శ్రుతి కూడా దిగుతుంది కదా, మరి ఇక్కడ దిగలేదేమని మీకు అనుమానం రావచ్చు. స్వరం ఎత్తును నిర్ణయించేది బొమ్మల వేగం కాదు, యంత్రంలోని గడియారపు వేగం. అమెరికా యంత్రంలో అది 1.79 మెగాహెర్ట్జ్, యూరప్ యంత్రంలో 1.66. పాల్ టీవీల కోసం తైవాన్ చిప్పులతో తయారైన నకలు యంత్రాల్లో అది 1.77 ఉండేది. 1992లో రష్యాలో డెండీ పేరుతో అమ్మిన పెట్టె ఈ కోవకు బాగా పేరుపడిన ఉదాహరణ. లెక్క కడితే అలాంటి పెట్టెలో శ్రుతి అర్ధస్వరంలో ఆరో వంతు మాత్రమే దిగుతుంది. వేగం బాగా తగ్గుతుంది, శ్రుతి దాదాపు అక్కడే ఉంటుంది, మీకు గుర్తున్నదీ సరిగ్గా ఇదే.

ఇక సన్నాయి నాదం. పల్స్ ఛానల్ తరంగం ఒక్కో ఆవృత్తిలో కొంతసేపు పైకి లేచి, కొంతసేపు కింద ఉంటుంది. పైన ఉండే కాలం సగమైతే, అంటే 50 శాతమైతే, నాదంలో బేసి అనుస్వరాలే (మూలస్వరంతోపాటు సన్నగా పలికే పై స్వరాలు) పలుకుతాయి కనుక అది డొల్లగా, వెదురులా వినిపిస్తుంది. అదే 25 శాతమైతే రెండో అనుస్వరం, మూడో అనుస్వరం కూడా గట్టిగా కలిసి, నాదం పదునెక్కి ముక్కుతో పలికినట్టవుతుంది. నకలు చిప్పుల్లో చాలావాటికి ఒక లోపం ఉండేది: 50 శాతానికీ 25 శాతానికీ తీగలు తారుమారైనట్టు, ఆట ఒకటి అడిగితే చిప్పు రెండోది పలికేది. మీ నాయనమ్మగారు విన్నది ఆ తారుమారునే అని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆవిడకు చిప్పుల సంగతి తెలియకపోయినా నాదం సంగతి తెలిసింది.

ఆ పెట్టె ఇంకా మీ దగ్గర ఉందా? ఉంటే ఊహలతో పనిలేదు, కొలిచి చూసుకోవచ్చు. అడాప్టర్ పాతది వాడకండి. కొత్తది కొనేముందు పెట్టె వెనక అచ్చువేసిన వోల్టేజీని, ప్లస్ మైనస్ గుర్తును తప్పనిసరిగా చూడండి. లోపలి మొన మైనస్‌గా ఉండే పెట్టెలు ఇందులో ఎక్కువ, తిరగేసి పెడితే పెట్టె కాలిపోతుంది. టీవీ ముందు ఫోను పెట్టి రికార్డు చేయకుండా, పక్కనున్న ఆడియో సాకెట్ నుంచి కంప్యూటర్ లైన్ ఇన్‌లోకి తీగ వేయండి. రికార్డు చేస్తున్నంతసేపు మీట నొక్కవద్దు. మారియో ఈదేటప్పుడు, దూకేటప్పుడు వచ్చే చప్పుడు కూడా ఆ కొద్ది ఛానళ్లలోనే ఒకదాన్ని లాక్కుంటుంది, ఆ క్షణంలో అందులోని స్వరం వినిపించకుండా పోతుంది. చిన్నప్పుడు మీరు మీట నొక్కకుండా కూర్చున్నారన్నారు చూడండి, పాటను పూర్తిగా వినడానికి అంతకంటే మంచి పద్ధతి లేదు. ఆటలోని గడియారం 400 నుంచి 100కు దిగేదాకా మీ పెట్టెలో రెండు నిమిషాలకు పైగా పడుతుంది. ఆ తరవాత తొందరపెడుతూ పాట వేగం పెరుగుతుంది కనుక అక్కడితో ఆపేయండి.


జవాబు 2: సత్యనారాయణపురం వయొలిన్ (విజయవాడ)

అమ్మాయీ, పైన చెప్పిన సాంకేతిక విషయాలు నాకు కొత్త, కానీ చదివిన తరవాత మనసుకు ఎంతో తృప్తి కలిగింది. నలభై ఏళ్లుగా పిల్లలకు వయొలిన్ చెబుతున్నాను. మా మనవడి పుణ్యమా అని ఈ ఆటల పాటలు కొన్ని విని, ఒకటి రెండు స్వరపరిచి కూడా చూశాను కనుక నాకు తోచిన నాలుగు మాటలు చెబుతాను.

ముందుగా శ్రుతి. అర్ధస్వరంలో ఆరో వంతు అన్నారు. ఒకటి శ్రుతికి వీణ సరిచేసుకుని ఆ పెట్టెతో పాటు వాయించబోతే నీకు వెంటనే తెలిసిపోతుంది, పెట్టె వెంట్రుకవాసి దిగువన ఉంటుంది. దాన్ని లెక్కచేయకుండా నీ వీణకు అలవాటైన శ్రుతిలోనే వాయించుకో. పాటకు ఆధారం స్వరాల మధ్య దూరాలే.

రెండోది రాగం. ఈ పాటను శంకరాభరణం అని రాసి చేతులు దులుపుకోవద్దు. ఆధారం శంకరాభరణ మేళంలోనే ఉన్నా, మేళంలో లేని అన్యస్వరాలు అర్ధస్వరాల మెట్లమీదుగా జారుతూ వస్తాయి, అవే ఆ నీటి ఊగిసలాటను తెచ్చిపెడతాయి. పిల్లలు వాటిని వదిలేసి శుభ్రమైన శంకరాభరణంగా వాయించడం విన్నాను, పాట ప్రాణం పోయింది. అన్యస్వరం వచ్చిన చోట గమకం పెట్టకుండా మెట్టుమీద ఖచ్చితంగా నిలిపి వాయించు. గమకం పెడితే అది మన రాగంలోకి ఒదిగిపోవాలని చూస్తుంది, ఆ పాటకు అక్కర్లేని బరువు వచ్చిపడుతుంది. తాళం మూడు దెబ్బలే కనుక రూపకం వేసుకుంటే హాయిగా కుదురుతుంది.

అసలు కష్టం మూడోది. మన స్వరలిపిలో ఒక్క వరస రాస్తాం, ఈ సంగీతంలో ఒకేసారి మూడు వరసలు నడుస్తాయి. పై వరసను మాత్రమే రాస్తే గోడలేని చిత్రంలా అవుతుంది. నేను చేసిన పని చెబుతాను: కాగితం మీద మూడు గళ్లు గీసి, పై గడిలో ప్రధాన స్వరం, మధ్య గడిలో తోడు స్వరం, కింది గడిలో మంద్రస్థాయి స్వరం రాసుకున్నాను. వీణమీద నీకు మంద్రం కోసం మంద్ర తీగ, అనుమంద్ర తీగ ఉన్నాయి కదా. ప్రతి ఆవర్తం మొదటి దెబ్బమీద కింది గడి స్వరాన్ని మీటి, దాని నాదం నిలిచి ఉండగానే పై వరస వాయించు. తోడు స్వరాన్ని నీ శిష్యురాలెవరైనా ఉంటే ఆ అమ్మాయికి అప్పగించు.

కాలప్రమాణం విషయంలో మాత్రం నా అభిప్రాయం కొంచెం కఠినం. స్వరకర్త ఏ నడకలో ఊహించి కట్టాడో ఆ నడకలోనే వాయించాలి. కృతిని మన వీధిలో అందరూ నెమ్మదిగా పాడుతున్నారని దాని కాలప్రమాణాన్ని మార్చం కదా. టీవీ పద్ధతి వల్ల వచ్చిన మార్పు యాదృచ్ఛికమే తప్ప ఎవరో ఆలోచించి చేసింది కాదు. అందుకని రాసేటప్పుడు జపాన్ వేగాన్నే ప్రమాణంగా పెట్టుకోమని నా సలహా.


జవాబు 3: చిప్ సంగీతం (విజయవాడ, మొగల్రాజపురం)

మాస్టారికి నమస్కారం. మీరు చెప్పిన మూడు గళ్ల పద్ధతి చదివి చాలా సంతోషించాను, ఎందుకంటే ఈ సంగీతాన్ని అభిమానించేవాళ్లు కంప్యూటర్ మీద వాడే ట్రాకర్ అనే పనిముట్టు కూడా అచ్చం అలాగే ఉంటుంది: ఒక్కో ఛానల్‌కు ఒక్కో నిలువు గడి, కాలం పైనుంచి కిందకి నడుస్తుంది. అయితే కాలప్రమాణం గురించి మీరు చెప్పినదాంతో నేను పూర్తిగా ఏకీభవించలేకపోతున్నాను. కారణం చెప్పాలంటే అభిమానులు ఇన్నేళ్లుగా ఈ పాటలను ఎలా భద్రపరుస్తూ వచ్చారో కొంచెం చెప్పాలి.

అంతర్జాలం వేగం లేని రోజుల్లో, 1996 ప్రాంతంలో, అభిమానులు ఆటల పాటలను చెవితో విని మిడి ఫైళ్లుగా రాసి ఒకచోట పోగుచేయడం మొదలుపెట్టారు. అందులో స్వరాలుంటాయి కానీ నాదం ఉండదు, మీ కంప్యూటర్లో ఏ వాద్యం ఉంటే అదే పలుకుతుంది. దానితో తృప్తిపడనివాళ్లు ఆటలోని సంగీతపు ఆదేశాలనే యథాతథంగా బయటికి తీసి దాచే పద్ధతి కనిపెట్టారు. ఫ్యామికామ్ పాటలకు దాన్ని ఎన్ఎస్ఎఫ్ అంటారు. బ్రాడీపేట వీణగారు విన్న రికార్డుల్లో చాలావరకు ఇలాంటి ఫైలునుంచి వచ్చినవే అయి ఉంటాయి. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఆ ఫైలు మొదట్లోనే రెండు వేగాలు రాయడానికి రెండు వేర్వేరు చోట్లుంటాయి: 60 సార్లు గీసే టీవీలకు ఒకటి, 50 సార్లు గీసేవాటికి ఒకటి. అంటే ఈ పద్ధతిని తయారుచేసినవారికి ఆనాడే తెలుసు, ఒకే పాట ప్రపంచంలో రెండు నడకల్లో వినిపిస్తోందని.

వేగాన్ని దేశాన్నిబట్టి తప్పొప్పులుగా తేల్చలేమనడానికి కమొడోర్ 64 మంచి సాక్ష్యం. 1982లో అమెరికాలో వచ్చిన ఆ కంప్యూటర్‌లో శబ్దం పుట్టించే సిడ్ చిప్పుకు మూడే గొంతులు. దానికి గొప్ప సంగీతం కట్టినవారిలో రాబ్ హబ్బర్డ్, మార్టిన్ గాల్వే వంటి బ్రిటన్ స్వరకర్తలున్నారు. వాళ్లు తమ ఇంట్లో ఉన్న 50 సార్ల టీవీల ముందు కూర్చుని కట్టారు. ఆ పాటలే అమెరికాలో పెడితే పరుగెత్తుతాయి. అక్కడ నెమ్మదైనదే స్వరకర్త విన్నది, వేగమైనది యాదృచ్ఛికం. కాబట్టి మాస్టారు చెప్పిన సూత్రం, స్వరకర్త విన్న నడకే ప్రమాణమన్నది, స్వరకర్త మాట చెప్పేటప్పుడు అక్షరాలా నిజం. మారియో పాటలు కట్టిన కోజి కోండో విన్నది 60 నడకే. అయితే వీణగారు తిరిగి తెచ్చుకోవాలనుకుంటున్నది 1998లో బ్రాడీపేట ఇంట్లో మోగిన పాటను. అది కూడా కొలతలతో సహా నిరూపించగలిగిన ఒక వాస్తవమే. రష్యా అభిమానులు తమ డెండీ పెట్టెల విషయంలో ఇదే పట్టుదల చూపారు. నేడు అభిమానులు తయారుచేసిన మెసెన్ అనే ఎమ్యులేటర్లో (పాత యంత్రాన్ని కంప్యూటర్‌మీద అనుకరించే ప్రోగ్రాం) డెండీ వేగానికి ప్రత్యేకంగా ఒక ఎంపిక ఉంది, పల్స్ శాతాలను తారుమారు చేసే ఎంపిక కూడా ఉంది. పటమటవారు చెప్పిన రెండు తేడాలనూ రెండు గుర్తులు పెట్టి మీరు ఇప్పుడే వినవచ్చు. మీ జ్ఞాపకమే మారిపోయిందని తేల్చినవారు ఆ రెండు గుర్తులను ఎప్పుడూ పెట్టి చూసి ఉండరు.

ఒక మనవి కూడా ఉంది. మీరు స్వరలిపి ఎక్కడైనా పెడితే కోజి కోండో పేరు, 1985 అన్న సంవత్సరం, ఆట పేరు పైన స్పష్టంగా రాయండి. ఇది మర్యాద కోసం చెబుతున్న మాట మాత్రమే కాదు. 1980ల ఆటల్లో చాలావాటికి స్వరకర్త పేరే కనిపించదు. సూపర్ మారియో బ్రదర్స్ చివరిదాకా ఆడినా తెరమీద ఒక్కరి పేరూ రాదు. కొన్ని సంస్థల్లో ఉద్యోగులు మారుపేర్లతోనే కనిపించేవారు. 1988 నాటి మెగా మ్యాన్ 2 స్వరకర్తల్లో ఒకరైన తకాషి తతెయిషి అలాగే మారుపేరుతో ఉండిపోయారు. మీరు ఆడిన కాంట్రా పాటలు హిడెనోరి మయెజావా, కియోహిరో సదా కట్టినవని మనలో ఎంతమందికి తెలుసు? ఏళ్ల తరబడి పాత పత్రికలు, రికార్డు అట్టలు, ఇంటర్వ్యూలు గాలించి ఈ పేర్లను పైకి తెచ్చి పట్టికలుగా పెట్టింది చాలావరకు అభిమానులే. రేడియోలో పాట వేసేముందు రచన ఎవరిది, సంగీతం ఎవరిది అని చదివి వినిపించే అలవాటులో పెరిగిన మనం ఆ పట్టికల విలువను ఇట్టే గుర్తించగలం.

మీరు వీణమీద చేయబోయేదాన్ని ఈ లోకంలో అరేంజ్‌మెంట్ అంటారు, ఆటనుంచి తీసిన శబ్దాన్ని రిప్ అంటారు. ఆ రెంటినీ కలిపేస్తే అభిమానులు ఒప్పుకోరు. ఓవర్‌క్లాక్డ్ రీమిక్స్ అనే బృందం 1999 డిసెంబర్ నుంచి అరేంజ్‌మెంట్లనే స్వీకరిస్తోంది. పంపిన ప్రతి పాటనూ న్యాయనిర్ణేతలు విని, మూలం ఎంత నిలిచింది, పంపినవారు కొత్తగా ఏం చేశారు అని తూచి, నచ్చితేనే ఉచితంగా అందరికీ అందిస్తారు. మూలాన్ని ఉన్నదున్నట్టు వాయిస్తే తిప్పి పంపేస్తారు. పాట హక్కులు ఆట యజమానుల దగ్గరే ఉంటాయి కనుక ఇంట్లో అన్నయ్యకు వినిపించడం వేరు, అంతర్జాలంలో పెట్టి డబ్బు తీసుకోవడం వేరు అన్న ఎరుక కూడా ఉండాలి. ఈ పాటల స్థాయిని ఎవరైనా తక్కువచేసి మాట్లాడితే, మారియో ప్రధాన బాణీని 2023లో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం భద్రపరచదగ్గ రికార్డుల పట్టికలో చేర్చిందని, ఒక ఆట సంగీతానికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారని చెప్పండి.


బ్రాడీపేట వీణ

ముగ్గురికీ పేరుపేరునా నమస్కారాలు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పెట్టె అటకమీద పాత ట్రంకుపెట్టెలో దొరికింది, క్యాసెట్ కూడా అందులోనే ఉంది. పటమటవారు చెప్పినట్టు వెనక గుర్తు చూసి కొత్త అడాప్టర్ తెప్పించాను. క్యాసెట్ మొనలు నల్లబడి ఉన్నాయి, ఏం చేయమంటారు? అప్పట్లో నోటితో ఊదేవాళ్లం.


పటమట సాల్డరింగ్

ఊదకండి, నోటి తేమ వల్లనే ఆ మొనలు మరింత పాడవుతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో నిలువుగా, నెమ్మదిగా తుడవండి. దూదికి నలుపు అంటడం ఆగేదాకా పుల్లలు మార్చండి, ఆ తరవాత అరగంట ఆరనిచ్చి పెట్టండి. మొదటిసారి బొమ్మ రాకపోతే కంగారుపడకుండా స్విచ్ ఆపి, క్యాసెట్‌ను తీసి మళ్లీ గుచ్చండి.


సత్యనారాయణపురం వయొలిన్

మొగల్రాజపురం అబ్బాయి చెప్పిన బ్రిటన్ స్వరకర్తల ఉదాహరణ నన్ను ఆలోచనలో పడేసింది. నా మాటను కొంత సవరించుకుంటున్నాను. స్వరలిపి పైన స్వరకర్త నడకను రాసి, దాని కిందనే "గుంటూరులో విన్న నడక" అని రెండోది కూడా రాయి అమ్మాయీ. మన దగ్గర ఒకే కృతికి రెండు పాఠాంతరాలుంటే ఏది ఏ శిష్యపరంపరదో రాసి రెంటినీ ఉంచుతాం కదా, ఇదీ అలాంటిదే. అయితే వేగం రాసేటప్పుడు "నెమ్మదిగా", "వేగంగా" అని రాస్తే సరిపోదు, నిమిషానికి ఎన్ని దెబ్బలో కొలిచి అంకె వేయి.


బ్రాడీపేట వీణ

కొలిచాను. ఆదివారం మధ్యాహ్నం మొత్తం దీనికే పోయింది, ఒక్క నిమిషం కూడా వృథా అనిపించలేదు.

క్యాసెట్ మూడోసారి గుచ్చాక పలికింది. పటమటవారు చెప్పినట్టు ఆడియో సాకెట్ నుంచి తీగ వేసి, నీళ్ల ఘట్టందాకా ఆడడం నావల్ల కాక మా అబ్బాయి చేత ఆడించి, వాడు నీళ్లలోకి దిగగానే రిమోట్ నేలమీద పెట్టించాను. అంతర్జాలంలోని రికార్డులో సరిగ్గా 50 సెకన్లు పట్టిన భాగాన్ని గుర్తుపెట్టుకుని, అదే భాగాన్ని మా పెట్టెలో రికార్డయిన దానిలో కొలిస్తే 60 సెకన్లు వచ్చింది. మూడుసార్లు కొలిచాను, మూడుసార్లూ అంతే. శ్రుతి చూసే యంత్రం పెట్టి చూస్తే ఒకటి శ్రుతికి వెంట్రుకవాసి దిగువనే ఉంది. మొగల్రాజపురంవారు చెప్పిన ఎమ్యులేటర్లో ముందు మామూలుగా విన్నాను, డొల్లగా వెదురు నాదమే వినిపించింది. శాతాలు తారుమారు చేసే గుర్తు పెట్టగానే అదే పాట ముక్కుపుటాల్లోంచి పలికింది. మా అమ్మ పక్కగదిలో పూలమాల కడుతోంది. నేనేమీ అడగకముందే, "అది మీ నాయనమ్మ సన్నాయి కదే" అంది.

స్వరలిపి మూడు గళ్లలో రాయడం మొదలుపెట్టాను. పైన కోజి కోండో, 1985 అని రాశాను. మాస్టారు చెప్పినట్టు నడకలు రెండూ అంకెలతో వేశాను. అన్నయ్యకు మాత్రం 50 నడకలోనే వాయిస్తాను. మధ్య గడిలోని తోడు స్వరం మా వీధిలో వీణ నేర్చుకుంటున్న అమ్మాయి వాయిస్తానంది. పై వరసకు సన్నాయి పదును తేవడానికి మీటేచోటును గుర్రం (బుర్ర మీద తీగలు ఆనే వంతెన) దగ్గరికి జరిపి చూశాను. నాదం సన్నబడి కొంత దగ్గరికి వచ్చింది కానీ, అన్యస్వరాల దగ్గర తీగ మరీ గరగరమంటోంది. మాస్టారూ, అక్కడ గోటితో కాకుండా వేలి కొసతో మీటితే కుదురుతుందా, లేక మీటేచోటునే కొంచెం వెనక్కి తీసుకోమంటారా?


సత్యనారాయణపురం వయొలిన్

మీటేచోటు మార్చవద్దు, నాదం ఒక్కో స్వరానికి ఒక్కోలా మారిపోతుంది. ఆ అన్యస్వరాలకు మాత్రమే మీటు బలం తగ్గించి, ఎడమచేతి వేలును మెట్టుకు బాగా ఆనించి నొక్కు. గరగర చాలావరకు పోతుంది. పోకపోతే ఆ మెట్టు కింద మైనం కదిలిందేమో చూపించుకో. శుక్రవారం సాయంత్రం నాకు పాఠాలు లేవు, ఫోనులో వినిపిస్తే ఇద్దరం కలిసి చూద్దాం.